మళ్ళీ మామయ్యా, బోనులో పిడుగూ

ఇంట్లోంచి ఒక్కసారికి బయటపడటం మామయ్యకి చేతకాదు. లోకంలో అందరూ గడప దాటితే వెళ్ళిపోయినట్టు లెక్క. ఆయన గడప దాటితే అది రిహార్సలు. చెప్పులు వేసుకుని, "వెళ్ళొస్తానమ్మా" అని, గేటు తీసి, గేటు వేసి, వీధి మలుపు దాకా నడిచి, అక్కణ్ణించి వెనక్కి వస్తాడు. గుమ్మంలో నిలబడి "మళ్ళీ నేనే!" అంటాడు. గొడుగు మరిచిపోయాట్ట. బయట ఎండ పెళపెళలాడుతూ ఉంటుంది. గొడుగు పట్టుకెళ్ళి, కర్చీఫు కోసం వస్తాడు. కర్చీఫు పట్టుకెళ్ళి, పంపు కట్టానో లేదోనని వస్తాడు. ఆ వీధిలో చిన్నా పెద్దా ఆయన్ని ‘మళ్ళీ మామయ్య’ అనే పిలుస్తారు. పిలిస్తే వెనక్కి తిరుగుతాడు కూడా. వెనక్కి తిరగడానికి ఆయనకి ఓ సాకు దొరికితే చాలు.

మలుపులో ఆగే బస్సు డ్రైవరు ఈ విషయంలో బాగా దెబ్బతిన్నవాడు. మామయ్య ఎక్కగానే ఇంజను ఆపేసేవాడు. "ముందు దిగి ఇంటికెళ్ళి రండి మామయ్యా, తర్వాత బయల్దేరదాం" అనేవాడు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన లిఫ్టు మెకానిక్కు. మూసుకోనని మొరాయించే తలుపులూ, తెరుచుకోని తలుపుల వెనక మొర పెట్టుకునే మనుషులూ, ఇదే ఆయన లోకం. రిటైరైన రోజున ఆఫీసులో వీడ్కోలు సభ పెట్టారు. "ఇక ఈయన మనకి కనిపించరు" అని మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు. మామయ్య వెళ్ళాడు. టిఫిను డబ్బా కోసం వచ్చాడు. వెళ్ళాడు. టెస్టరు కోసం వచ్చాడు. ఇంకోసారి ఎందుకొచ్చాడో గాని, అప్పటికి కళ్ళు తుడుచుకోవడం మానేసిన మేనేజరు మిగిలిన కేకుని డ్రాయర్లో దాచుకుంటూ దొరికిపోయాడు.

కోడలు ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో దీన్ని అనుమానం అనుకుంది. ఆమె భర్త రైలు గార్డు. పెళ్ళి సెలవు అయిపోగానే డ్యూటీ ఎక్కాడంటే రోజుల తరబడి రాడు. కొత్త ఊరు, కొత్త ఇల్లు, అత్తగారు లేరు, ఆవిడ ఎప్పుడో పోయారు. మామయ్య బజారుకని వెళ్ళడం, అంతలోనే "మళ్ళీ నేనేనమ్మా, కళ్ళజోడు" అంటూ రావడం. కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉండేది.

"మీ నాన్నగారు నన్ను కనిపెట్టి చూస్తున్నారు" అని ఆమె ఫోన్లో భర్తకి ఫిర్యాదు చేసింది.

"అబ్బే, అది మతిమరుపు. చిన్నప్పట్నించీ అంతే."

"ఎవరి చిన్నప్పట్నించి?"

"నా చిన్నప్పట్నించి!" అని అతను నవ్వాడు. ఆ మాటని ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి ఆమెకి పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో ఉద్యోగం దొరికింది. ఉద్యోగంతో పాటు కుక్క కూడా దొరికింది. ల్యాబు పక్క గోడౌను ఖాళీ చేసిన వాళ్ళు సామాను మొత్తం లారీకెక్కించుకుని, కుక్కని మాత్రం గేటు దగ్గర వదిలేసి వెళ్ళారు. అది లారీ వెళ్ళిన దిక్కుకే చూస్తూ కూర్చుంటే చూడలేక ఇంటికి తెచ్చింది. ఇంటికి వచ్చిన మొదటి గంటలోనే దానికి పేరు కుదిరిపోయింది, పిడుగు.

మనుషులుంటే పిడుగంత బుద్ధిమంతురాలు ఇంకొకటి లేదు. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉండేది. ఇల్లు ఖాళీ అయిందా, ఇల్లు పీకి పందిరి వేసేది. కిటికీ జాలీ చింపుకుని వెళ్ళింది. తలుపు హ్యాండిలుకి వేలాడి గడియ తీసుకుని వెళ్ళింది. స్నానాల గది వెంటిలేటర్లోంచి వెళ్ళింది. అందులోంచి దూరాలంటే పిల్లి కూడా ఒకసారి ఆలోచించుకుంటుంది. వెళ్ళి ఊరు తిరిగేదా అంటే అదీ లేదు. పెద్ద రోడ్డు మీద బస్సులకీ లారీలకీ అడ్డం పడి పరిగెత్తి, తిన్నగా ల్యాబుకి వచ్చి తలుపు గీకేది. అది పారిపోవడం కాదు, వెతుక్కుంటూ రావడం. ఒకసారి బస్సు కీచుమని ఆగిన చప్పుడు విని కోడలు కిటికీలోంచి చూస్తే, ముందు చక్రానికి జానెడు దూరంలో పిడుగు తోక ఊపుతూ నిలబడి ఉంది. ఆ రోజు ఆమె చేతిలో ఉన్న పై వరస పళ్ళు నేల మీద పడి ముక్కలయ్యాయి.

ఆ సాయంత్రమే మేడ మీంచి ఇంటి ఓనరు దిగివచ్చింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ మెట్లు దిగుతుంటే కింద ఉన్నవాళ్ళకి ఎక్కం మరిచిపోయినంత భయం వేసేది.

"ఒక స్కూటరతను తప్పించబోయి పడ్డాడు. ఈసారికి మోకాలే చెక్కుకుపోయింది. ఇంకోసారి ఏమవుతుందో నేను చెప్పాలా?"

"బోను కొంటున్నానండీ. నేర్పిస్తాను" అంది కోడలు.

"నేర్పించు. కానీ ఇంకొక్కసారి అది ఒంటరిగా వీధిలో కనిపించిందో, ఈ ఇంట్లో కుక్కయినా ఉండకూడదు, మీరైనా ఉండకూడదు."

ఇల్లు మారడం మాటలా! కుక్క ఉందంటే తలుపు మొహం మీదే వేసే ఊరు అది. మిగిలిన దారి ఒక్కటే, భర్త స్నేహితుడు సరుకుల షెడ్డు కాపలాకి కుక్క కావాలంటున్నాడు. అక్కడ పగలంతా గొలుసే. 

ఇనప కడ్డీల బోను వచ్చింది. మామయ్య చుట్టూ తిరిగి చూశాడు, తలుపు తెరిచాడు, మూశాడు, గొళ్ళెం లాగాడు.

"గేటు బాగానే ఉందమ్మా. అలారం బటనేది?"

"ఇది లిఫ్టు కాదు మామయ్యా. దాని గది."

కోడలు ఫోన్లో వీడియోలు చూసి పద్ధతి నేర్చుకుంది. పొద్దున్నే బాగా పరిగెత్తించాలి. బోనులో మెత్తటి దుప్పటి వేయాలి. తిండి లోపలే పెట్టాలి. మొదట తలుపు తెరిచి ఉంచాలి, తర్వాత కాస్సేపు మూయాలి, తర్వాత ఇంకాస్సేపు. బలవంతం కూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, మొరుగుతున్నప్పుడు వెనక్కి రాకూడదు.

ఈ చివరి ముక్క దగ్గర వీడియో ఆపి, మామయ్య వైపు చూసింది.

"ఇది మీ గురించే."

"నేనేం చేశానమ్మా?"

చేయవలసిందంతా చేశాడు. ఇద్దరూ ఇంట్లో ఉన్నంతసేపూ పిడుగు బోనులో రాణీలా పడుకునేది. కోడలు పనికి వెళ్ళాక మామయ్య బజారుకి బయల్దేరితే మొరిగేది. మొరిగితే ఆయన "మళ్ళీ నేనే!" అని పరిగెత్తుకొచ్చి, దాన్ని ముద్దుచేసి, బిస్కెట్టు పెట్టేవాడు. తెలివైన కుక్క. మొరిగితే మామయ్య వస్తాడు, మామయ్య వస్తే బిస్కెట్టు వస్తుంది అని ఒక్క పూటలో నేర్చుకుంది. కోడలు సాయంత్రం వచ్చేసరికి బిస్కెట్ల డబ్బా ఖాళీ, పిడుగు గొంతు బొంగురు.

"మీ మతిమరుపుతో దాన్ని గొలుసుకి పంపేట్టున్నారు మామయ్యా!" అనేసింది. అని నాలిక కరుచుకుంది. ఆయన ఖాళీ డబ్బాకి మూత పెట్టాడు.

మర్నాడు ఆమె వేరే ఎత్తు వేసింది. ఆయన్ని కూడా తనతో బయల్దేరదీసింది. బోను గొళ్ళెం వేసి, ఇంటికి తాళం వేసి, బస్టాపులో మామయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆయన కాలు కాలిన పిల్లిలా మెసలుతున్నాడు.

"గొడుగు..."

"మీ చంకలో ఉంది."

"గ్యాసు..."

"నేనే కట్టాను."

"తాళం సరిగ్గా..."

"లాగి చూశాను. మీతో కూడా లాగించాను."

బస్సు వచ్చింది. డ్రైవరు అలవాటు ప్రకారం ఇంజను ఆపబోతే, "పోనివ్వండి!" అని కోడలు కేకేసింది. బస్సు కదిలింది. మామయ్య వెనక అద్దంలోంచే చూస్తూ కూర్చున్నాడు. పెద్ద రోడ్డు ఎక్కేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"అమ్మా... మన పిడుగే."

బస్సు వెనకే, రెండు లారీల మధ్య, నాలిక వేలాడేసుకుని పిడుగు వస్తోంది. కోడలు డ్రైవరు మీద కేకలు వేసి బస్సు ఆపించి, దూకినంత పని చేసి, చేతులు బారచాపి రోడ్డుకి అడ్డం నిలబడింది. కుక్క ఎగిరి ఆమె మీద పడింది. దాని గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందో, ఆమెదీ అంతే.

ఇంటికి వచ్చి చూస్తే బోను గొళ్ళెం వేసినది వేసినట్టే ఉంది. అడుగున ఉండే రేకు ట్రేని బయటికి తోసేసి, ఆ సందులోంచి దూరిపోయింది పిడుగు. వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉంది. మేడ మెట్ల మీద టీచరు చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"కుక్క తోక వంకర" అందావిడ. "అయినా పరీక్ష పెట్టకుండా ఎవర్నీ ఫెయిలు చెయ్యడం నాకు అలవాటు లేదు. శనివారం మీరిద్దరూ పొద్దున వెళ్ళి సాయంత్రం రండి. నేను పైనుంచి కనిపెట్టి ఉంటాను. అది గేటు దాటిందంటే ఆదివారం షెడ్డుకి పంపండి."

ఆ రాత్రి మామయ్య ట్రేకి రెండు వైపులా తీగతో బిగించాడు. బిగిస్తూ, "ఈ వారం దీన్ని నాకొదిలెయ్యమ్మా" అన్నాడు.

"మీకా!"

"నీకు సెలవు దొరకదు కదా."

కోడలు తీగ లాగి చూసింది. "మొరుగుతుంటే మాత్రం లోపలికి రాకూడదు" అంది.

"రాను. ఒట్టు."

రెండు రోజులు మేడ మీంచి కిమ్మన్న మాట లేదు. మూడో రోజు ల్యాబుకి టీచరు ఫోను చేసింది.

"మీ మామగారి ఒంట్లో బాగానే ఉందా? పొద్దుట్నించి వెళ్తాడు, వస్తాడు, వెళ్తాడు, వస్తాడు. గేటు చప్పుడుకి నా చెవులు చిల్లులు పడుతున్నాయి!"

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతికంటిన, పళ్ళ అచ్చులు పోసే సున్నం కడుక్కోకుండానే బయల్దేరింది. షెడ్డు గొలుసు చప్పుడు ఆమెకి దారంతా చెవుల్లో వినిపిస్తూనే ఉంది.

వీధి మలుపులో టైలరు దుకాణం దాటేసరికి ఇంటి గేటు తెరుచుకుంది. మామయ్య బయటికి వచ్చాడు. వింతేమిటంటే, "వెళ్ళొస్తా" అనలేదు. వెనక్కి చూడలేదు. ఇంట్లోంచి పిడుగు ఒకసారి మొరిగింది. ఆయన ఒక కాలు పైకెత్తినవాడు ఎత్తినట్టే కొంగలా నిలబడిపోయాడు. కుక్క ఇంకోసారి మొరిగింది. ఆయన కదల్లేదు. తర్వాత చప్పుడు లేదు. ఇంకాస్త ఆగి, అప్పుడు లోపలికి వెళ్ళాడు.

కోడలు పిల్లిలా నడిచి కిటికీ దగ్గరికి చేరింది.

"మళ్ళీ నేనే" అంటున్నాడు మామయ్య, పక్కింటివాళ్ళు కూర ఏం చేశారో చెప్పినంత మామూలుగా. ముద్దు లేదు, బిస్కెట్టు లేదు. బల్ల మీది కర్చీఫు తీసుకున్నాడు, బయటికి నడిచాడు. బోనులో పిడుగు ఒక చెవి ఎత్తి, ఆయన్ని చూసి, ఆవలించి, మూతి కాళ్ళ మీద పెట్టుకుంది.

గేటు దగ్గర కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తున్నారు మామయ్యా?" అని గుసగుసగా అరిచింది.

"నీ వీడియో అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. మొరిగినప్పుడు రావడం నాదే పొరపాటు. అందుకే నోరు మూసుకున్నాకే వస్తున్నా. మొదట గేటు దాకా. తర్వాత మలుపు దాకా. ఇవాళ కూరగాయల మార్కెట్టు దాకా వెళ్ళొచ్చా."

"ఇదంతా... కావాలనే చేస్తున్నారా?"

ఆయన గొడుగు కొనతో నేల గీశాడు. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఎందుకు ఏడుస్తారో తెలుసా? తలుపు మూసుకున్నందుకు కాదు. ఇక తెరుచుకోదేమోనని. ఇది గోడౌను వాళ్ళ లారీని చూసిన కుక్క. వెళ్ళినవాళ్ళు రారని దానికి తెలుసు. వస్తారని చెబితే నమ్ముతుందా? చేసి చూపించాలి."

"ఎక్కడ నేర్చుకున్నారిది?"

"మీ ఆయన దగ్గర" అన్నాడు మామయ్య. "వాళ్ళమ్మ ఆస్పత్రికి వెళ్తూ ఇప్పుడే వస్తానంది. రాలేదు. ఆ తర్వాత నేను చెప్పులేసుకుంటే చాలు, వాడు కాళ్ళకి చుట్టుకుపోయి గుక్కపెట్టేవాడు. సరే, గొడుగు మరిచిపోయేవాణ్ణి. వెనక్కొచ్చేవాణ్ణి. కర్చీఫు మరిచిపోయేవాణ్ణి. వెనక్కొచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకి వాడు, ‘మళ్ళీ నువ్వేనా? ఇక వెళ్ళు నాన్నా’ అని విసుక్కున్నాడు. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! ఇప్పుడు వాడు రైలెక్కి వారాల తరబడి తిరుగుతున్నాడు. అలవాటు నాకు మిగిలిపోయింది."

 ఖాళీ ఇంట్లో, తెలియని ఊళ్ళో, తలుపు వేసుకుని కూర్చున్న తన మొదటి రోజులు కోడలికి గుర్తొచ్చాయి.

"నేనొచ్చిన కొత్తల్లో కూడా..."

"నువ్వు వంటింట్లో కూర్చుని ఏడ్చేదానివి కదమ్మా. ఏమైందని అడిగితే బాగుండదు. కళ్ళజోడు కోసమొస్తే బాగుంటుంది."

ఆమెకి నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. సున్నం చేతులతోనే ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

శనివారం వచ్చింది. పిడుగుని తెల్లవారుతూనే పరిగెత్తించారు. బోనులో దుప్పటి వేశారు, నమలడానికి బొమ్మ ఇచ్చారు, గొళ్ళెం వేశారు. ఒక్క మాటా అనకుండా ఇద్దరూ బయటికి వచ్చి, తాళం వేసి, టైలరు దుకాణం బెంచీ మీద కూర్చున్నారు. అక్కణ్ణించి ఇల్లు కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

కాస్సేపటికి పిడుగు మొరిగింది. కోడలు లేచింది. మామయ్య ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మొరుగు ఆగింది. ఆగితే ఇంకా భయం వేసింది.

"చప్పుడు లేదేంటి మామయ్యా?"

"పడుకునుంటుంది."

"ట్రే పీకేసిందేమో!"

"నేను బిగించాను."

"తీగ ఊడితే?"

మధ్యాహ్నం దాటాక, వీధి సద్దుమణిగిన వేళ, ఇంటివైపు నుంచి తలుపు దబ్బుమంది. కోడలికి పైప్రాణం పైనే పోయింది.

"అది మన తలుపే! ఒక్కసారి, ఒక్కసారి చూసొస్తాను!"

"కూర్చోమ్మా."

"మీరా నన్ను కూర్చోమనేది!"

 గొడుగు పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. మనిషి మాత్రం బెంచీకి మేకు కొట్టినట్టు కదల్లేదు.

"ఇన్నాళ్ళూ వెనక్కెళ్ళింది లోపలున్నవాళ్ళ కోసం. ఇప్పుడు వెళితే మన కోసం వెళ్ళినట్టు. అది నమ్మి పడుకున్నప్పుడు మనం నమ్మకపోతే ఎలా?"

కోడలు కూర్చుంది. మామయ్య చెయ్యి వదల్లేదు. తలుపు ఇంకోసారి దబ్బుమంది, ఆ తర్వాత ఇంకోసారి. టైలరు మిషను ఆపి, వీళ్ళ మొహాలు చూసి, ఏమీ అడక్కుండా రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు. ఆ మధ్యాహ్నం బెంచీ మీద గడిచినంత నెమ్మదిగా ఆమె జీవితంలో ఇంకే మధ్యాహ్నమూ గడవలేదు.

సాయంత్రం ఎండ వాలగానే ఇద్దరూ దాదాపు పరిగెత్తారు. గేటు వేసే ఉంది. కానీ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బోను తలుపూ తెరిచే ఉంది. బోనులో దుప్పటి ఉంది, బొమ్మ ఉంది, కుక్క లేదు.

"అయిపోయింది మామయ్యా" అంది కోడలు. 

"ఏమిటయిపోయేది? మెల్లిగా మాట్లాడు, పడుకుంది" అని గద్దింపు వినిపించింది.

తలుపు చాటున కుర్చీలో టీచరు కూర్చుని ఉంది. ఆవిడ పాదాల మీద తల పెట్టుకుని పిడుగు గుర్రుపెడుతోంది. మరో తాళంచెవి ఆవిడ ఒళ్ళో ఉంది.

"మొదట కాస్త మొరిగింది" అందావిడ గొంతు తగ్గించి. "తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. ఊపిరి ఆడుతోందో లేదోనని దిగాను. నిద్రపోతోంది. పైకెళ్ళాను. నీళ్ళు తాగిందో లేదోనని దిగాను. ఎన్నిసార్లు దిగానో! మోకాళ్ళు పోయాయి. చివరికి విసుగొచ్చి బోనూ తెరిచాను, వాకిలీ తెరిచాను. ఎంత పరుగెడుతుందో చూద్దామని. ఇది వాకిలి దాకా వెళ్ళి, వీధిలోకి చూసి, వెనక్కొచ్చి పడుకుంది. మీరొస్తారని తెలిసినట్టు."

కోడలు నేల మీద చతికిలబడి పిడుగుని కౌగిలించుకుంది. అది ఒక కన్ను తెరిచి, తోక ఒకసారి నేలకేసి కొట్టి, మళ్ళీ పడుకుంది.

టీచరు మెల్లిగా పాదాలు లాక్కుని లేచింది. "షెడ్డువాళ్ళకి వేరే కుక్కని చూసుకోమనండి" అని గుమ్మం దాటి, మెట్టు మీద ఆగింది.

"సోమవారం కూడా మీరు బయటికి వెళ్తారా?"

"వెళ్తామండీ. నాకు ల్యాబు, మామయ్యకి లైబ్రరీ" అంది కోడలు.

"ఎంతసేపు?"

"సాయంత్రం దాకా."

"అంతసేపా!" అంది టీచరు. ఆవిడ మొహం చిన్నబోయింది. పిడుగు మాత్రం హాయిగా గుర్రుపెడుతూనే ఉంది.

ఆవిడ మెట్లెక్కేదాకా ఆగి, మామయ్య కోడలి చెవి దగ్గర మెల్లిగా అన్నాడు.

"కుక్కకి అలవాటైపోయిందమ్మా. టీచరుగారికే ఇంకో వారం పట్టేట్టుంది."